ఆరబెట్టిన గొంతు

భార్య పోయిన ఏడాదికి దామోదరం తన గురువు భావనారాయణ గారి దగ్గరికి వచ్చాడు. దణ్ణం పెట్టి కూర్చుని అడిగాడు: "గురువుగారూ, పోయినవాళ్ళ మీద ఈ తపన ఎప్పటికి చల్లారుతుంది?"

ఎవరేమడిగినా భావనారాయణ గారు తనకు తెలిసినవాళ్ళ సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు రేవుపేటలోని ఒక అత్తాకోడళ్ళ సంగతి చెప్పారు.

కాసులమ్మ కొడుకు తాతారావు చేపల వేటకు వెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు. వెళ్ళిన రోజు పడవ మీంచి భార్య పైడమ్మ ఫోనుకు నాలుగు మాటలు మాట్లాడి పంపాడు. అతని గొంతు అంటూ మిగిలింది అదొక్కటే. పైడమ్మ రోజూ పని ముగించుకుని, ఫోను చెవికి ఆనించుకుని వినేది. కాసులమ్మ మాత్రం "నాకొద్దు, ఆడి గొంతు ఇంటే నాను బతకలేను" అని లేచి బయటికి వెళ్ళిపోయేది.

ఒకనాడు పైడమ్మ వంగి నీళ్ళు ముంచుతుంటే, రవికలో పెట్టుకున్న ఫోను జారి కుండలో పడింది. గభాలున తీసింది. అద్దం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె కేకకు పరిగెత్తుకొచ్చిన కాసులమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఎలుగుతోంది గదే! ఆరిపోకముందే ఆడి గొంతు ఒక్కసారి ఇనిపించు."

పైడమ్మ వేలు అద్దం మీదికి వెళ్ళి ఆగింది. "ఇప్పుడొద్దత్తా. లోన నీళ్ళుండగా పలికిత్తే కాలిపోద్దంట," అని ఫోను ఆపేసింది.

"ఆడి మీద నీకు ఆశ తీరిపోనాదేటే?"

కోడలు ఫోను తుడిచి, పొడిగుడ్డ మీద గాలి తగిలేచోట నిలబెట్టింది. "పొయ్యి కాడ పెట్టవే, బేగి ఆరిపోద్ది" అని అత్త తొందరపెట్టినా వేడి తగలనివ్వలేదు, ఛార్జింగు పెట్టలేదు. ఇద్దరూ దాని ఎదురుగానే తిన్నారు, దాని పక్కనే పడుకున్నారు. మధ్యలో ఎన్నిసార్లు చెయ్యి చాచి వెనక్కి తీసుకుందో పైడమ్మకే తెలియాలి.

బాగా ఆరిందని నమ్మకం కలిగాక మీట నొక్కింది. వెలుగు వచ్చింది. తను వినకుండా ఫోను అత్త చెవికి ఆనించింది. కాసులమ్మ కళ్ళు మూసుకుంది. మాటలు అయిపోయాయో లేదో, అద్దం నల్లబడింది. మళ్ళీ ఎంత నొక్కినా వెలగలేదు. బజారులో బాగుచేసే అతను విప్పి చూసి, ఇక లాభం లేదన్నాడు.

ఆ సాయంత్రం కాసులమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. "'పైడీ, తెల్లారేసరికి వచ్చెత్తాను. అమ్మ పడుకునుంటే లేపకు.' అదేనే ఆడన్నది," అంది. ఆ విరుపు, ఆ సాగదీత అచ్చం కొడుకువే. పైడమ్మ అత్త నోటి దగ్గర చెవి పెట్టి ఉండిపోయింది.

అంతవరకు విన్న దామోదరం, "పాపం, ఆ పిల్ల కడసారి వినలేకపోయింది," అన్నాడు.

"ఆ మాటలు ఆమెకు ఎప్పటి నుంచో కంఠతా వచ్చు, నాయనా," అన్నారు గురువుగారు. "అయినా, 'ఇంకోసారి చెప్పత్తా' అంది."