తొండ తలలో కట్టిన మేడ

ఏమయ్యా, వింటున్నావా? "చదువుతాను, చదువుతాను" అని పొద్దుటినుంచి తల ఊపడమే తప్ప పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. సిగ్గుగా లేదూ? ఆ ఊపడం ఆపి ఇలా కూర్చో. తల ఊపినవాడి కథే చెబుతాను.

ఒకప్పుడు తొండ ఇలా ఊరికే తల ఊపుతూ ఉండేది కాదు. మెడ నిటారుగా నిలిపి దొరలా నడిచేది. నేలలో బొరియ తవ్వుకుని వానాకాలమంతా వెచ్చగా పడుకునేది.

ఆ రోజుల్లో ఒక కాలవ గట్టున ముళ్ళమ్మ అనే తల్లితొండ ఉండేది. దాని కొడుకు కంచెన్న. రోహిణి కార్తె ఎండల్లో ముళ్ళమ్మ కొడుకుని పిలిచింది.

"ఒరే కంచెన్నా, నాకంటే పొడుగయ్యావు. ఈ బొరియలో ఇద్దరం పట్టం. వానలు పడేలోగా నీ ఇల్లు నువ్వు తవ్వుకోవాలి."

సొంత ఇల్లు! కంచెన్న గంతులేశాడు. "అమ్మా, తూర్పున గుమ్మం పెడతాను! ఎండ కాచుకోవడానికి అరుగు! చీమలు దాచుకోవడానికి ఒక గది! నువ్వొస్తే పడుకోవడానికి మెత్తటి ఇసక!"

"బాగుంది నాయనా. కానీ కోరిక తలలో పుడితే చాలదు, గోళ్ళలోకి దిగాలి. రోజుకు బెత్తెడు తవ్వు, చాలు."

"అలాగేనమ్మా!" అని తల ఊపాడు.

సాయంత్రం ముళ్ళమ్మ అడిగింది. "తవ్వావా?"

"రేపమ్మా!" మళ్ళీ తల ఊపాడు.

రేపు వచ్చింది, పోయింది. కంచెన్న తుమ్మకొమ్మ మీద కళ్ళు మూసుకుని ఇంటికి కిటికీలు పెట్టుకుంటున్నాడు. కింద ఎండ్రకాయ మామ మట్టి ఉండలు మోస్తూ ఆగాడు.

"ఏరా అల్లుడూ, మేడ ఎంతదాకా వచ్చింది?"

"వసారా అయిపోయింది మామా!"

"ఏదీ, ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ!" అని కంచెన్న తల చూపించాడు.

మామ డెక్కలు కొట్టి నవ్వాడు. "అయితే వాన కూడా అక్కడే కురిస్తే బాగుణ్ణు!"

మృగశిర కార్తె రానే వచ్చింది. వాన ఉరుముతూ దిగింది.

"ఒరేయ్ కంచెన్నా, నీ గుమ్మం చూపించు. బయటే ఆగిపోతాను!" అంది వాన.

కంచెన్న కొమ్మ దిగాడు. గబగబా మట్టి గోకాడు. తవ్విందంతా బురదై కూలిపోయింది. ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"రా నాయనా!" అని ముళ్ళమ్మ గోడకి అతుక్కుని చోటిచ్చింది. కానీ కంచెన్న తల పట్టింది, ఒళ్ళు పట్టలేదు.

"నీ మేడ తలలోనే ఉంది కదరా, తలకైతే చోటుంది" అంది ముళ్ళమ్మ. నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి.

"అమ్మా, కోరిక ఇంకా తలలోనే ఉంది! కిందికి దింపేదెలా?"

"వేసవిలో దింపాల్సిందిరా. గోళ్ళు మట్టిలో పెడితే అదే దిగేది."

కంచెన్న తడుస్తూ తుమ్మకొమ్మ ఎక్కాడు. కోరికని గోళ్ళలోకి రాల్చాలని తల కిందికీ పైకీ ఊపాడు. ఊపాడు, ఊపాడు. అది రాలలేదు.

అప్పటినుంచే తొండ ఎక్కడ కనబడినా తల ఊపుతూనే ఉంటుంది. ఎంత వాన కురిసినా, ఇల్లు లేక, కొమ్మని కరుచుకుని తడుస్తూనే నిద్రపోతుంది.