చెవులమ్మ తోటకూర మడి

అనగనగా, ఏరు వంపు తిరిగే చోట ఒక అడవి ఉండేదర్రా. అందులో చెవులమ్మ అనే కుందేలు తోటకూర పండించేది. అబ్బో, దాని గొప్ప ఏం చెప్పను! "నా మడి లాంటి మడి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి" అని దారిన పోయేవాళ్లనల్లా ఆపి అడిగేది. ఆకు నిగనిగలాడాలని రోజూ పొద్దుగూకే వేళ ఆకుల మీద నుంచే కుండలతో నీళ్లు కుమ్మరించేది.

ఏటా తొలకరికి అడవిలో అందరికీ నారు పంచేది చెవులమ్మే. ఆ ఏడు పంపకం వారం ఉందనగా, ఆకుల మీద పసుపు చుక్కలు కనబడ్డాయి.

చెవులమ్మ కంగారుగా వెళ్లి కాకిని అడిగింది.

"బలం చాల్లేదు, పేడ వెయ్యి" అంది కాకి. వేసింది. చుక్కలు పెరిగాయి.

"పురుగై ఉంటుంది, బూడిద చల్లు" అంది ఉడత. చల్లింది. ఇంకా పెరిగాయి.

పంపకం నాడు పొద్దున్నే, మడిలో కాపురముండే ముసలి కప్ప బెకయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఎప్పుడూ పైనుంచి చూసి మురిసిపోవడమేనా? ఒక్కసారి ఆకు తిరగేసి చూడు."

తిరగేసింది. అడుగున తెల్లటి బుడిపెలు, నూకలు అతికించినట్టు!

"ఇది తెల్ల మచ్చ తెగులు తల్లీ. బూజు లాంటిదే. ఆకు మీద తడి ఆరకపోతే రెచ్చిపోతుంది. తెగులున్న మొక్కలు పీకి దూరంగా పాతిపెట్టు. మిగతావాటికి పొద్దున పూట, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్లు పొయ్యి. మొక్కల మధ్య గాలాడనియ్యి."

"మరి నారు, మావా?"

"అందులోనూ ఉంది. నారు పంచితే తెగులు పంచినట్టే."

చెవులమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల పేరు! పైకి నారు బాగానే ఉంది. ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది?

అప్పటికే బుట్టలతో అందరూ వచ్చేశారు. చెవులమ్మ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. ఒక ఆకు కోసి, తిరగేసి, అందరికీ చూపించింది.

"ఈ ఏడు నారు లేదు. నా మడికి తెగులొచ్చింది. మెరుపు కోసం ఆకుల మీద నీళ్లు పోశాను, తప్పు నాదే. మీరూ ఇళ్లకెళ్లి ఆకులు తిరగేసి చూసుకోండి."

తర్వాత అందరి ముందే తెగులు మొక్కలు పీకి, గొయ్యి తీసి పూడ్చింది. పీకుతుంటే ప్రాణం ఉసూరుమంది పాపం.

నాలుగు రోజులకు జింక పరుగున వచ్చింది. "పంపకానికి ముందే నీ దగ్గర అడిగి పట్టుకెళ్లిన మొక్కలకి బుడిపెలు కనబడ్డాయి వదినా! వెంటనే పీకేశాను, మడి దక్కింది. నువ్వు దాచి ఉంటే ఈ వానాకాలం నా పిల్లలు పస్తులుండేవాళ్లు."

సగం ఖాళీ అయిన మడి మధ్య నిలబడి చెవులమ్మ రెండు చెవులూ నిక్కించింది. "మడి నిండుగా ఉన్ననాడు కూడా నాకింత గర్వంగా లేదు వదినా!" అంది.

నీతి: తప్పు దాచి నిలబెట్టుకున్న పేరు కన్నా, ఒప్పుకుని పదిమంది పంట కాపాడిన పేరే గొప్పది.