గుంపులో కలిసిన గొంతు

జీడితోటల నడుమ ఉన్న ఒక చిన్న బళ్లో గవరయ్య అనే మాస్టారు ఉండేవాడు; పాఠం కమ్మగా చెప్పేవాడు గానీ, ఏ పిల్లనీ పేరు పెట్టి ఒక్క ప్రశ్నయినా అడిగేవాడు కాదు. పాఠం ముగించి "అర్థమైందా?" అనేవాడు. "అర్థమైందండీ" అని పిల్లలంతా ఒక్క గొంతుతో కేక పెట్టేవారు. ఆ కేక వీధి చివరిదాకా వినబడేది. బడంటే అలా మోగాలని ఊరు మెచ్చుకునేది, మాస్టారు మురిసిపోయేవాడు. ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందని ఆయన బాధ.

ఆ బళ్లో నూకాలు అనే పిల్ల చదువుకునేది. వాళ్లమ్మ పైడమ్మ జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. ఒకరోజు ఆమె బడి గుమ్మం దగ్గర నిలబడి, పిల్ల ఇంట్లో పిలిస్తే పలకడం లేదని చెప్పి, బళ్లో ఎలా ఉంటోందని అడిగింది.

"బళ్లో అందరితో పాటు గట్టిగానే చెబుతోంది. ఇంట్లో నీ దగ్గర గారాలు పోతోందమ్మా," అన్నాడు మాస్టారు నవ్వుతూ.

పైడమ్మ నమ్మింది. ఇంటికెళ్లి, పలకనందుకు పిల్లను నాలుగు బాదింది కూడా.

మరుసటేడు వానల్లో ఊరంతా జ్వరాలు పట్టుకున్నాయి. ఒకనాడు బడికి నూకాలు ఒక్కతే వచ్చింది. మాస్టారు అలవాటుగా పాఠం చెప్పి, బోర్డు తుడుస్తూ "అర్థమైందా?" అన్నాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. ఎంత పొగరనుకుని కోపంగా వెనక్కి తిరిగాడు. నూకాలు కుడివైపు ఖాళీ బల్లను చూసింది, ఎడమవైపు ఖాళీ బల్లను చూసింది. ఎవరి పెదవులు కదిలితే తన పెదవులు కదపాలో తెలియక బిక్కమొహం వేసింది.

మాస్టారు ఆమె వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాడు. పిల్ల తిరగలేదు. చెవి కింద చీము ఎండి ఉంది.

తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని పట్నం ఆసుపత్రికి పరుగెత్తాడు. ఒక చెవి పూర్తిగా పోయిందని, రెండోది సగమే మిగిలిందని, నిరుడే తెచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు చెప్పాడు.

పైడమ్మ ఏడవలేదు. "గట్టిగా చెబుతోందన్నారు కదా బాబూ. వినబడని పిల్లని కొట్టేశాను," అంది.



ఆ తరవాత ఆ బడి ఎప్పుడూ అలా మోగలేదు. మాస్టారు ఒక్కొక్కరి ఎదుటా ఆగి, అడిగి, చెప్పేదాకా కాచుకునేవాడు. తప్పు చెబితే, ఎందుకలా అనుకున్నావని మెల్లగా అడిగేవాడు. పుస్తకం సగంలోనే ఉండిపోయేది. నూకాలు ముందు బల్లలో కూర్చుని, ఆయన పెదవులు చూసి జవాబు చెప్పేది. వీధిలో తల్లి వెనకనించి పిలిస్తే మాత్రం, పాపం, తిరిగి చూసేది కాదు.

అందరినీ కలిపి అడిగితే వచ్చేది హోరే నాయనా. ఒక్కొక్కరినీ అడిగి, ఓపిగ్గా వింటేనే జవాబు దొరుకుతుంది.