మధ్యలో స్టేషన్లు లేని దారి

సుఖానందులవారు ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, మజ్జిగ తాగి లేచిపోయేవారు. శాస్త్రం రాక కాదు, మాతో వాదించే ఓపిక లేక అని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం విశాఖలో లేచిన విమానం ఆశ్రమం ఉన్న కొండ మీదుగా పడమటికి పోతోంది. దాన్నే చూస్తున్న చిదంబరం ఉన్నట్టుండి అడిగాడు. "గురువుగారూ, ఇక్కణ్ణించి హైదరాబాదు గాలిలో ఐదు వందల కిలోమీటర్లట. గంట పైచిలుకు ప్రయాణం. మా అన్నయ్య అక్కడ మంచం పట్టాడు. మా మధ్య మాటలు లేక తొమ్మిదేళ్ళయింది. ఇంత చిన్న దూరం నేనెందుకు దాటలేకపోతున్నాను?" పాపం, మనిషి ఆ నెలంతా సరిగ్గా నిద్రపోలేదు.

గురువుగారు ఆ విమానం కనుమరుగయ్యేదాకా ఆగి చెప్పారు.

ఆయన ఒకసారి అదే దారిన విమానంలో వెళుతుంటే పక్క సీట్లో పైడిరాజు అనే పలాస జీడిపప్పు వ్యాపారి కూర్చున్నాడట. చెల్లెలు రవణమ్మ భర్త పోయినప్పుడు, పాత తగాదా మనసులో పెట్టుకుని ఈయన కడచూపుకి కూడా వెళ్ళలేదు. ఆ తర్వాత పశ్చాత్తాపం పట్టుకుంది. హైదరాబాదులో ఉన్న చెల్లెలి దగ్గరికని ఎన్నోసార్లు రైలెక్కాడు. సామర్లకోటలోనో రాజమండ్రిలోనో టీ తాగుదామని దిగేవాడు. చేతిలో టీ చల్లారేలోపు ధైర్యం కూడా చల్లారేది. చెల్లెలికని తెచ్చిన జీడిపప్పు పాకం ప్లాట్‌ఫారం మీద వాళ్ళకీ వీళ్ళకీ పంచేసి, వెనక్కి వెళ్ళే రైలెక్కేవాడు.

ఆ రోజు విమానం మబ్బుల్లోకి వెళ్ళింది. కిటికీ అంతా తెల్లగా అయిపోయింది. ఊళ్ళు లేవు, పొలాలు లేవు, కదులుతున్నట్టే లేదు. పైడిరాజు కంగారుగా ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచాడు. "ఇది మధ్యలో ఎక్కడా ఆగదా అమ్మా?"

"ఆగదు సార్. దిగడం హైదరాబాదులోనే."

ఆయన చాలాసేపు ఆ తెలుపులోకే చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా ముఖం విచ్చుకుంది. "దిగిపోడానికి చోటు నేదు సామీ! పేనానికి ఎంత సుకంగా ఉందో," అన్నాడు గురువుగారితో. కళ్ళు తుడుచుకుని, చెల్లెలితో ఏమని మొదలుపెట్టాలో తనలో తనే గొణుక్కుంటూ కూర్చున్నాడు. గురువుగారికి కూడా ఆ ప్రయాణం అలాగే సాగిపోతే బాగుండుననిపించిందట.

విమానాశ్రయం బయట జనంలో రవణమ్మ నిలబడి ఉంది. ఆమెను చూడగానే పైడిరాజు కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆవిడే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రైలెక్కిన పెతిసారీ వదిన ఫోను చేసి చెప్పీది అన్నయ్యా. నాను స్టేషనుకొచ్చి, రైలు పెట్టెలన్నీ ఖాళీ అయ్యేదాకా నిలబడీదాన్ని."

గురువుగారు అక్కడితో ఆపేసి మజ్జిగ గ్లాసు అందుకున్నారు. చిదంబరం తల వంచుకున్నాడు. "అయితే ఆ దూరం అసలు ఎంత గురువుగారూ?" అన్నాడు.

"ఏమో నాయనా," అన్నారాయన లేస్తూ. "ఇంతసేపూ నువ్వు ఇటువైపు నుంచే కొలుస్తున్నావు."