పీరమ్మ దిష్టితాడు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి కొసన ఒక జట్కాల వీధి. జట్కాలు ఎప్పుడో ఆగిపోయాయి, వీధికి పేరు మాత్రం మిగిలింది. ఆ వీధిలో పీరమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకు ముగ్గు అనే ఆడగుర్రం ఉండేది.

ముగ్గు ఎంత తెలుపంటే, వాకిట్లో పోసిన ముగ్గుపిండంత తెలుపు. చుట్టుపక్కల ఎక్కడ పెళ్ళయినా పెళ్ళికొడుకు దాని మీదే ఊరేగేవాడు. పీరమ్మ మొగుడు కాశిం పోయిన తర్వాత ఆ ఇంట్లో ఊపిరి చప్పుళ్ళు రెండే. ఒకటి పీరమ్మది, ఒకటి ముగ్గుది. పొద్దున్నే ఆమె పాకలోకి వెళ్ళగానే ముగ్గు తల వంచి, గడ్డం ఆమె భుజం మీద ఆనించేది. ఎప్పుడూ ఎడమ భుజమే. ఆ తర్వాతే గడ్డి ముట్టేది.

పీరమ్మకు ఒకటే భయం, తల్లీ. మతిమరుపు. పొయ్యి మీద పప్పు పెట్టి, పెట్టిన సంగతే మర్చిపోయేది. పక్కింటి కోడల్ని పిలవబోయి, పేరు దొరక్క చెయ్యి ఊపేది. "ఏది పోయినా పోనీ. కాశిం మొహం, ముగ్గు తెలుపు, ఈ రెండూ నా తలలోంచి పోకుండా చూడు సామీ" అని రోజూ మొక్కుకునేది.

ఆ ముగ్గు ముసలితనంలో చూలు కట్టింది. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది, తెలుసా? పదకొండు నెలలూ పీరమ్మ ఎదురుచూసింది. ముగ్గులాంటి పిల్ల వస్తుంది, నేను మర్చిపోయేలోపు ఇంకో ముగ్గు నా కళ్ళ ముందు తిరుగుతుంది అనుకుంది.

నెలలు నిండాక ఒకరోజు తెల్లారేసరికి పిల్ల పుట్టింది. నల్లగా, బొగ్గులా, నిగనిగలాడుతూ పుట్టింది. మూడో రోజు ముగ్గు కన్ను మూసింది.

పీరమ్మ మేకపాలు తెచ్చి పిల్లకు సీసాతో పట్టింది. పాలు పట్టేది గానీ, దాని మొహం చూసేది కాదు. పేరు కూడా పెట్టలేదు.

ఆ తర్వాత ఆమెకో ఆలోచన వచ్చింది. మొదటిరోజు కుంకుడుకాయ రసంతో పిల్లను రుద్ది రుద్ది కడిగింది. నలుపు ఇంకా నిగనిగలాడింది. రెండోరోజు పెరుగు పట్టించింది. వీధికుక్క వచ్చి పెరుగంతా నాకిపోయింది. మూడోరోజు ముగ్గుపిండి చల్లింది. పిల్ల ఒక్క తుమ్ము తుమ్మి, ఒళ్ళు దులిపింది. తెల్లగా అయింది పిల్ల కాదు, పీరమ్మ!

నవ్వు వస్తోందా? పీరమ్మకు మాత్రం రాలేదు. పిండి దులుపుకోకుండా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

అప్పుడు దాదావలి వచ్చాడు. అతను పెళ్ళి బ్యాండు మేస్త్రీ, ఆ వీధికి అల్లుడై వచ్చి పదేళ్ళయింది.

"ఏం పెద్దమ్మా, నువ్వే ముగ్గై కూర్చున్నావే?" అన్నాడు.

"నవ్వురా, నవ్వు. నీకేం పోయింది?"

"నా బ్యాండు పోయింది. నల్లగుర్రం ఎక్కే పెళ్ళికొడుకు ఈ చుట్టుపక్కల ఎవడు? ఇటుకల బట్టీ ఆయన దగ్గర ఒక తెల్లగుర్రం ఉంది. ఈ పిల్లను ఇస్తే దాన్ని ఇస్తాడు. ఇది పెద్దదయ్యాక ఇటుకలు లాగుతుంది. ఆదివారం వ్యాను తెస్తాను."

పీరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అది తెలుపేనా? మా ముగ్గు అంత తెలుపా?" అంది.

"పాలు, పెద్దమ్మా. పాలు."

"అయితే తోలుకురా" అంది పీరమ్మ.

శనివారం పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆమె పేరు ఎస్తేరు. ముగ్గును కాపాడలేకపోయానని ఆమెకూ బాధే, అందుకే పిల్లను చూసి పోదామని వచ్చింది. వ్యాను మాట విని పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పీరమ్మా, దీని తండ్రి ఏ రంగు?"

"ఇటుక రంగు. పక్కూరి గుర్రం."

"చెప్తా విను. ప్రతి పిల్లకూ తల్లి ఒక గుప్పెడు, తండ్రి ఒక గుప్పెడు ఇస్తారు. ఆ గుప్పెళ్ళలో రంగు గుణాలు ఉంటాయి. మేము వాటిని జన్యువులు అంటాం. గుర్రాల్లో నెరిసే గుణమని ఒకటుంది. అది తల్లి దగ్గర్నుంచో తండ్రి దగ్గర్నుంచో ఒక్కటి వచ్చినా చాలు. పిల్ల ఏ రంగులో పుట్టినా ఏడాదికేడాది నెరిసి నెరిసి చివరికి తెల్లనవుతుంది. తండ్రి పెద్దయ్యాక కూడా నెరవకుండా ఇటుక రంగులోనే ఉంది కాబట్టి దాని దగ్గర ఆ గుణం లేదు. ముగ్గు దగ్గర ఉంది. కానీ ముగ్గుకు రెండు గుప్పిళ్ళు. ఒకదాంట్లో ఉందని ఖాయం, రెండోదాంట్లో తెలీదు. ఏ గుప్పిట విప్పిందో పిల్లను చూసి కనుక్కోవాలి."

అప్పుడామె పిల్ల కంటి చుట్టూ వేలితో మెల్లగా నిమిరింది. "ఇదిగో, దగ్గరకు రా. కనురెప్ప పక్కన ఏం కనిపిస్తోంది?"

పీరమ్మ మొదటిసారి పిల్ల మొహంలోకి చూసింది. కాటుక లాంటి నలుపు మధ్య మూడు నాలుగు వెంట్రుకలు. తెల్లవి.

"ముగ్గుపిండేమో" అంది పీరమ్మ.

డాక్టరమ్మ తడిగుడ్డతో తుడిచింది. వెంట్రుకలు అలాగే ఉన్నాయి. "ఇంకో గుర్తు కూడా ఉంది. జీవితమంతా నల్లగా ఉండే గుర్రం చాలావరకు ఎలుక రంగులో పుడుతుంది. ఇంత నిగనిగలాడుతూ పుట్టిందంటే నెరిసే పిల్లేనని నా అనుమానం. వెంట్రుకలు పీకి పట్నం పంపితే ఖాయంగా చెబుతారు, కానీ వారాలు పడుతుంది."

"రేపేనమ్మా వ్యాను. అయినా నువ్వు చెప్పేది మాకు కుదరదు. మా ముగ్గు పుట్టుకతోనే తెలుపు. నల్లదాని కథ నల్లదానిది."

"నీకు గుర్తుందా, పుట్టినప్పుడు ఎలా ఉందో?"

పీరమ్మ నోరు తెరిచింది. తలలో వెతికింది. ఎక్కడ చూసినా తెల్లముగ్గే. దానికి వెనక ఏమీ లేదు, తుడిచేసిన పలకలా ఉంది.

డాక్టరమ్మ ఇక చేసేదేం లేక లేచింది. గుమ్మం దాటబోతే ఆమె తలకు దిష్టితాడు తగిలింది. తాడు చివరి గంట గణగణమంది.

దిష్టితాడంటే ఏంటంటావా? జట్కాల వీధిలో ప్రతి గుర్రానికీ ఒకటి ఉంటుంది. పుట్టిన ఏడు మొదలుపెట్టి, ఏటా పీర్ల పండక్కి గుర్రానికి నీళ్ళు పోసి, జూలులోంచి చిటికెడు వెంట్రుకలు కత్తిరించి తాడుకు ముడివేస్తారు. గుర్రానికి దిష్టి తగలదని నమ్మకం. అడుగున, గుర్రం పిల్లప్పుడు మెడలో కట్టిన గంట వేలాడదీస్తారు. ఈ తాడు ముళ్ళు కాశిం వేసినవి, అతను పోయాక పీరమ్మ వేసినవి. తాడు చివరి నల్లముళ్ళు ముగ్గుకు ముందున్న పాతగుర్రానివై ఉంటాయని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

గంట ఆగిపోయింది. పీరమ్మ దాన్ని చేత్తో పట్టుకుంది. అంచు మీద చిన్న నొక్కు.

"ఇది ముగ్గు గంట" అంది. "మా వీధిలో ఒక గుర్రానికి ఒకటే తాడు. కాశిం ఈ గంట కడుతుంటే కాలితో తన్నింది. గోడకు కొట్టుకుని నొక్కు పడింది. ఆయన నవ్వి, 'బొగ్గుపిల్లకు పౌరుషం చూశావా పీరూ' అన్నాడు."

అని ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాటను తనే విన్నది.

బొగ్గుపిల్ల!

అప్పుడు గంట దగ్గర్నుంచి పైకి ఒక్కో ముడీ తడుముకుంటూ పోయింది. కింద నలుపు. ఆ పైన బూడిద. ఆ పైన వెండి. ఏడో ముడి దగ్గర్నుంచి తెలుపు, తెలుపు, తెలుపు. ఒకే గుర్రం. మొదట దాని పేరు బొగ్గు. తెల్లబడ్డాక కాశిమే పేరు మార్చాడు. తెలుపుకు అలవాటు పడిన కళ్ళు నలుపును మర్చిపోయాయి.

పీరమ్మ పిల్ల మెడ కౌగిలించుకుంది. "బొగ్గూ" అంది. అదే దానికి పేరయింది.

ఆదివారం వ్యాను వచ్చింది. వచ్చినట్టే పోయింది.

దాదావలికి కోపం వచ్చింది. "ఇది తెల్లబడటానికి ఏడేళ్ళా! పొద్దున తిన్న కూర సాయంత్రానికి మర్చిపోతావు. ఎందుకు ఆగావో ఏడేళ్ళు గుర్తుంటుందా నీకు?"

"నాకు గుర్తుండక్కర్లేదురా" అంది పీరమ్మ. "దాని ఒంటికి గుర్తుంటే చాలు."

ఆ తర్వాత బొగ్గు పెరిగింది. మొదటి పీర్ల పండక్కి కొత్తతాడుకు నల్లముడి పడింది. మూడో పండక్కి ఇనుము రంగు ముడి, ఒంటి మీద వెన్నెల చుక్కలు. ఐదో పండక్కి వెండి ముడి. గుర్రం మంచిదే. పీరమ్మ కొంగు కొరికేది, బెల్లం కోసం చెయ్యి నాకేది. భుజం మీద గడ్డం మాత్రం ఎప్పుడూ ఆనించలేదు. పీరమ్మ రోజూ ఎడమ భుజం కాస్త వంచి నిలబడేది. కాసేపు చూసి, గడ్డి వేసి వచ్చేసేది.

బొగ్గు తెల్లబడే కొద్దీ పీరమ్మ తలలో రాతలు చెరిగిపోయాయి. ముందు డాక్టరమ్మ పేరు పోయింది. తర్వాత వీధి పేరు పోయింది. ఆ తర్వాత దాదావలిని చూసి "ఎవరబ్బాయివి?" అంది. ఆ రోజు అతను బయటికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. అప్పట్నుంచి గడ్డి అతనే కోసుకొచ్చేవాడు. పండక్కి ముడి వేసేటప్పుడు మాత్రం పీరమ్మ వేళ్ళకు అన్నీ గుర్తుండేవి.

ఏడో పండగ పొద్దున దాదావలి గుర్రానికి నీళ్ళు పోసి పాక ముందు కట్టాడు. ఎండ దాని మీద పడింది. పీరమ్మ గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది. చూసింది. అలాగే నిలబడిపోయింది.

"ముగ్గూ" అంది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?"

దాదావలి నోరు తెరిచాడు. పెద్దమ్మా, అది ముగ్గు కాదు, దాని కూతురు బొగ్గు అని చెప్పబోయాడు.

అప్పుడు గుర్రం రెండడుగులు ముందుకొచ్చింది. తల వంచింది. గడ్డం పీరమ్మ భుజం మీద ఆనించింది. ఎడమ భుజం.

పీరమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి దాదావలిని చూసి నవ్వింది. కొత్తపెళ్ళికూతురిలా నవ్వింది.

"కాశిం, చూశావా? ముగ్గు వచ్చేసింది."

దాదావలి ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆఁ పీరూ" అన్నాడు. "వచ్చేసింది."

నల్లగ పుట్టె బొగ్గు,
తెల్లగ మారె ముగ్గు.
తాడున మోగెను గంట,
కథ చేరెను కంచిలోనంట,
మనముంటిమి మన ఇంట.