కెజియా పడలేదు

దేవసహాయం మాస్టారిని వ్యాకరణం గురించి అడిగితే సూత్రం చెబుతారు. మరింకేదైనా అడిగితే మాత్రం సూత్రం చెప్పరు, ఎప్పుడో జరిగిందొకటి చెబుతారు. చెప్పి ఊరుకుంటారు. ఆ తరవాత తల బద్దలు కొట్టుకోవలసింది మనమే. ముప్ఫయ్యారేళ్ళు ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ళలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు టీచర్లు నలుగురైదుగురు ఆయన వరండాలో చాప పరుచుకుని కూర్చుంటారు, పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి. నేను కొత్తవాణ్ణి కాను, నాకు పద్దెనిమిదేళ్ళ సర్వీసుంది. ఒకప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న చనువు కొద్దీ ఇప్పటికీ పోతుంటాను. అమ్మగారిచ్చే కాఫీ కోసం కూడా అనుకోండి, తప్పేం లేదు.

ఆ ఆదివారం ఇందుమతి అడిగింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు ఆ అమ్మాయి. బుధవారం వాళ్ళ బడికి పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఏడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, ఒక వాక్యం ఇచ్చి, దీన్ని ప్రశ్నగా మార్చు, దీన్నే కాదని చెప్పు అని అడుగుతాడట. పక్క మండలంలో పిల్లలు తడబడితే ఇద్దరు టీచర్లకు అక్కడికక్కడే మెమోలు చేతిలో పెట్టి పోయాడని కబురు. వారం నుంచి కంటి మీద కునుకు లేదని మొహమే చెబుతోంది.

"మాస్టారూ, ఎన్నడూ లేంది ఈ వారం బెత్తం పట్టుకున్నాను. పట్టుకున్నాకే వాక్యాలు సరిగ్గా వస్తున్నాయి. నేను గదిలోకి అడుగు పెడితే పిల్లలు వణుకుతున్నారు, అదీ చూస్తూనే ఉన్నాను. భయం లేకుండా చదువొస్తుందా మాస్టారూ? మీరే చెప్పండి" అంది.

రాదమ్మా, అనబోయాను నేను. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అన్నారా? నా బీరువాలోనూ ఒక బెత్తం ఉంది, దాచుకోవడమెందుకు. కానీ మాస్టారు నా వైపు చూడలేదు. "నేను ఏడో తరగతికి చెప్పే రోజుల్లో ఒకమ్మాయి నీళ్ళ సంపులో పడింది. పేరు కెజియా. ఆ సంగతి చెబుతాను, విను" అన్నారు. వరండాలో అందరం సర్దుకు కూర్చున్నాం. ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతున్నాను. మధ్యలో నా మాట దొర్లితే మన్నించండి, టీచరు నోరు కదా.

ఆ ఊళ్ళో బోరు నీళ్ళు తాగడానికి పనికిరావు, ఫ్లోరైడు. బడికి ట్యాంకరు నీళ్ళే దిక్కు. ఏడో తరగతి గది వెనక గోడను ఆనుకునే నేలలోకి కట్టిన సంపు, దానికో ఇనప మూత. ఆ పూట ట్యాంకరు వాళ్ళు నీళ్ళు దింపి, మూత వేయకుండా పోయారు. పైగా కరెంటు లేదు, మోటారు ఆడలేదు, కుళాయి రాలేదు. కెజియా, తిరుపతమ్మ అని ఇద్దరు స్నేహితురాళ్ళు నీళ్ళకని అడిగి బయటికి వచ్చారు. తెరిచి ఉన్న సంపు చూసి, వంగి సీసాలు ముంచుకుందామనుకున్నారు. తిరుపతమ్మ సీసా నిండింది. కెజియా తన సీసా కూడా నింపి, స్నేహితురాలి చేతికి అందించి లేవబోయింది. అంచు మీద పాచి. కాలు జారి లోపలికి పోయింది.

నీళ్ళు ఆ పిల్లకు నిలువు లోతున్నాయి. చేతికి మోటారు పైపు తగిలితే రెండు చేతులా కరిచిపట్టుకుంది. గడ్డం దాకా నీళ్ళు, పైపు వదిలి అంచు అందుకుందామంటే మునిగిపోతుంది. తిరుపతమ్మ చుట్టూ చూసింది. మైదానంలో పిట్ట లేదు, అన్ని గదుల్లోనూ పాఠాలు నడుస్తున్నాయి. దగ్గర్లో ఉన్న మనిషి తన ఇంగ్లీషు సారే. రెండు సీసాలూ చేతిలో పెట్టుకుని పరుగెత్తింది.

లోపల మాస్టారు 'వాక్యం తిప్పిస్తున్నారు'. ఆయన పెట్టిన పద్ధతే అది. వరసలో ఒక్కొక్కరూ లేచి సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. సారు 'క్వశ్చన్' అనగానే ఆ పిల్లే దాన్ని ప్రశ్నగా మార్చాలి. 'నెగటివ్' అనగానే తరగతి మొత్తం ఒక్క గొంతుతో కాదని చెప్పాలి. పిల్లలు సరదాకు పక్కవాళ్ళ పేర్లు పెట్టి వాక్యాలు అల్లేవాళ్ళు, బ్రహ్మయ్య హాజ్ ఈటెన్ ట్వెల్వ్ ఇడ్లీస్ అని, అలాంటివి. ఆ మాత్రం నవ్వు ఆయన ఒప్పుకునేవారు. ఒప్పుకోనిది ఒక్కటే, ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట. తెలుగు నోటి వెంట వస్తే టేకు స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద రెండు దెబ్బలు. సగం వాక్యం చెప్పినా అంతే. ఆ చుట్టుపక్కల పది బళ్ళలో అంత బాగా వాక్యం చెప్పే పిల్లలు లేరని ఆయనకు పేరు.

తిరుపతమ్మ గుమ్మంలో ఆగింది. మే ఐ కమిన్ సర్, అంది. అలా అడగందే లోపలికి రాకూడదు. యెస్, అన్నారు ఈయన తల తిప్పకుండా. "సార్, మన కెజియా..." అంది ఆ పిల్ల. టప్పున స్కేలు బల్ల మీద పడింది. "ఇంగ్లీష్! ఫుల్ సెంటెన్స్!" అని గద్దించారు. నోరు తెరిచింది, మూసింది. "నీ చోటికి పో. నీ వంతు వచ్చినప్పుడు చెబుదువుగాని" అని ఇంగ్లీషులోనే అన్నారు. పోయి తన చోట నిలబడింది. తన వంతుకు ముందు ఇంకా ముగ్గురున్నారు.

మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. ప్రాణం మీదికొస్తే ఏ పిల్లయినా కేక పెట్టదా అంటారు. మేం నమ్మాం. చాప మీద కూర్చున్న ఒక్కరం కూడా అదెలా అని అడగలేదు. తలలు వంచుకున్నాం.

మొదటివాడు చెప్పాడు, తరగతి తిప్పింది. రెండో అమ్మాయి వాళ్ళమ్మ బర్రెను అమ్మిందని చెప్పింది, తరగతి అమ్మలేదంది. మూడోవాడికి కొంచెం నత్తి. ఒకసారి తప్పాడు, దెబ్బ తిన్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తప్పాడు. మాస్టారు ఓపికగా వాడి చేత నాలుగుసార్లు చెప్పించారు. గోడ అవతల పిల్ల చేతులు పైపు మీద జారుతున్నాయి, అరుపులు తరగతి హోరులో కలిసిపోతున్నాయి. గోడ ఇవతల ఆ పిల్ల స్నేహితురాలు పెదవులు కదుపుతూ, లోలోపలే ఒక్కొక్క మాట పేర్చుకుంటోంది. మధ్యలో ఒకసారి చెయ్యెత్తింది కూడా. ఈయన స్కేలు చూపించారు, చెయ్యి దిగిపోయింది.

దాని వంతు వచ్చింది.

"సర్, కెజియా హాజ్ ఫాలెన్ ఇంటు ద సంప్" అంది తిరుపతమ్మ.

కెజియా సంపులో పడిపోయిందని. మాటలన్నీ వాటి వాటి చోట ఉన్నాయి, ఎక్కడా పొల్లు పోలేదు. కెజియా పేరు వినగానే పిల్లలు గొల్లున నవ్వారు. మాస్టారికి ఆనందమైంది. "వెరీ గుడ్, తిరుపతమ్మా" అన్నారు. ఇక్కడ ఆయన, "ఎనిమిది నెలల్లో ఆ పిల్లను నేనన్న మొదటి మంచి మాట అదేనమ్మా" అని ఇందుమతితో అన్నారు. "నా చెవికి వాక్యం వినపడింది. సంగతి వినపడలేదు."

"క్వశ్చన్!" అన్నారట ఆ వెంటనే.

ఆ పిల్ల స్కేలు వంక చూసింది. "హాజ్ కెజియా ఫాలెన్ ఇంటు ద సంప్?" అంది.

"నెగటివ్!"

నలభై గొంతులు లేచాయి. "నో సర్, కెజియా హాజ్ నాట్ ఫాలెన్ ఇంటు ద సంప్!" రేకుల కప్పు అదిరింది. లేదు సార్, కెజియా సంపులో పడలేదు. చాలదన్నట్టు ఈయన, "లౌడర్!" అన్నారు. ఇంకోసారి, ఇంకా గట్టిగా, కెజియా పడలేదని చెప్పింది తరగతి.

ఆ రెండోసారి ఒక నోరు మాత్రం కదల్లేదు. నలభై నోళ్ళలో మూసిన నోరు ఎక్కడుందో ఇట్టే పట్టేసే చూపు ఆయనది, ఏ టీచరు చూపైనా అంతే. స్కేలు పట్టుకుని తిరుపతమ్మ దగ్గరికి నడిచారు. చెయ్యి చాపమన్నారు. ఆ పిల్ల చాపబోతే రెండు చేతుల్లోనూ సీసాలున్నాయి. ఒకటి పచ్చది, ఒకటి నీలిది. పావడా అంచు తడిసి కాళ్ళకు అంటుకుని ఉంది. కెజియా చోటు ఖాళీగా ఉంది.

"హూజ్ బాటిల్ ఈజ్ దిస్?" అని అడిగారు. అడిగింది ఇంగ్లీషులోనే, అలవాటు అలాంటిది.

"ఇట్ ఈజ్ కెజియాస్ బాటిల్, సర్" అంది తిరుపతమ్మ. అప్పటికీ పూర్తి వాక్యమే! ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయట.

ఆయన స్కేలు ఎక్కడ పారేశారో, బల్లలు ఎలా దాటారో తెలియదు. సంపు దగ్గరికి చేరేసరికి నీళ్ళ పైన ముక్కు, కళ్ళు, రెండు పిడికిళ్ళు మాత్రం కనపడ్డాయి. చెప్పులతోనే దూకేశారు. పిల్ల బతికే ఉంది. పైపు పట్టుకున్న వేళ్ళు మాత్రం విడివడలేదు. ఒక్కొక్క వేలూ బతిమాలి విప్పుకోవలసి వచ్చిందట. గోలకు పరిగెత్తుకొచ్చిన బడి వంటమనిషి పైన చీర చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని మాస్టారి వంకే చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు తిరుపతమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, అంత పని జరిగితే తెలుగులో అరవొచ్చు గదే తల్లీ" అన్నారు. "కొడతారని సార్" అంది ఆ పిల్ల. ఫిర్యాదుగా అనలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

సాయంత్రం కెజియా వాళ్ళింటికి పోయారు. వాళ్ళ నాయన తన్నినా పడదామని పోయారు. ఆ తల్లిదండ్రులు తన్నలేదు సరిగదా, మా బిడ్డను బతికించావయ్యా అని కాళ్ళ మీద పడబోయారు. అది తన్నుల కంటే ఎక్కువైంది ఆయనకు. కెజియా దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఎవరితోనూ పలకలేదట. ఈయన్ను చూసి నోరు విప్పింది.

"సార్, సంపులో నాకు క్లాసంతా వినపడింది. నేను సార్, సార్ అని అరుస్తానే ఉండాను. మీరందరూ నేను పడలేదు, పడలేదు అన్నారు గదా. మరి మీరెట్టా వచ్చారు సార్?"

మాస్టారు అక్కడితో ఆపేశారు. నా కాఫీ చల్లారిపోయింది, తాగాలనిపించలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నా తరగతిలో మాట్లాడకుండా కూర్చునే పిల్లల మొహాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి, వాళ్ళు నాకు చెప్పబోయి మానేసినవి ఎన్నున్నాయో అని భయమేసింది. నాకే అలా ఉంటే ఇందుమతి సంగతి చెప్పాలా. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కానీ బుధవారం తప్పదు కదా, మెమో భయం ఎటూ పోలేదు. చివరికి తల ఎత్తకుండానే అంది.

"నేను అంత భయపెట్టను మాస్టారూ. నిజంగా పెట్టను. వాక్యంలో తప్పు రాకుండా ఉండేటంత, అంతే."

దేవసహాయం మాస్టారు ఆ అమ్మాయి వంక జాలిగా చూశారు.

"ఆ పూట తిరుపతమ్మ వాక్యంలో ఒక్క తప్పు కూడా రాలేదమ్మా" అన్నారు.