మిగిలిన వెలుగు

ఎవరైనా ప్రశ్న అడిగితే మందాకిని గారు జవాబు చెప్పరు; లేజర్ గదికి తీసుకెళ్ళి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆ అలవాటు తెలిసి కూడా ఆవిడ శిష్యుడు పైడిరాజు ఆ ఉదయం అడిగేశాడు. చేతిలో వాళ్ళమ్మ పంపిన తాటికలకండ పొట్లం ఉంది. మేడం ఋణం ఎలాగూ తీరేది కాదు, కనీసం నోరు తీపి చేసి సెలవు తీసుకుందామని వచ్చాడు.

"నన్నెందుకు ఇంకా ఉంచుకున్నారు మేడం? ఇన్నేళ్ళు చెప్పారు. అయినా నాలో సగం మనిషి మా ఉప్పుమళ్ళలోనే ఉండిపోనాడు. నిన్న సెమినార్లో మా ఊరి మాట వచ్చీసింది, హాలంతా నవ్వీసినారు. నా చోటు ఇంకెవరికైనా ఇచ్చీయండి."

"నీ స్ఫటికం పెరగడం అయిందిగా? ముందు దాన్ని పరీక్షించు," అన్నారావిడ.

సంగతి ఏమిటంటే, ఆ లేజర్ నుంచి వచ్చేది కంటికి కనిపించని పరారుణ కాంతి. దాని పౌనఃపున్యాన్ని మూడింతలు చేయాలి. ఒక్క దెబ్బకు అయ్యే పని కాదు కనుక రెండు స్ఫటికాలు వరసగా పెడతారు. మొదటిది రెట్టింపు చేసి ఆకుపచ్చ కాంతినిస్తుంది. రెండోది, అంటే పైడిరాజు నెలల తరబడి ద్రావణంలో ఓపిగ్గా పెంచినది, మూడింతల కాంతిని, అంటే అతినీలలోహితాన్ని ఇవ్వాలి.

పైడిరాజు మొదటి స్ఫటికం కోణాన్ని మార్చే మరను సన్నగా తిప్పుతూ, పరారుణాన్ని ఇంచుమించు మిగల్చకుండా పచ్చగా మార్చేశాడు. కెమెరా తెర మీద పచ్చచుక్క ధగధగలాడింది. దాని పక్కన, అతినీలలోహితం పడితే నీలంగా మెరవాల్సిన తెల్లకాగితం మాత్రం చీకటిగానే ఉంది.

పైడిరాజు మర వదిలేశాడు. "నా స్ఫటికమూ పనికిరాలేదు మేడం."

"మర వెనక్కి తిప్పు."

"పచ్చ తగ్గిపోతాది మేడం!"

"తగ్గనీవయ్యా."

తిప్పాడు. పచ్చ మసకబారింది. మారకుండా మిగిలిన పరారుణం పచ్చ వెంటే రెండో స్ఫటికంలోకి వెళ్ళింది. అక్కడ ఆ రెండూ కలిశాయి. కాగితం మీద నీలపు మెరుపు పూసింది.

పైడిరాజు తెరకేసి చూశాడు. "ఇందాక నేను పరారుణాన్ని మిగల్చలేదు కదా," అన్నాడు మెల్లగా. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

మందాకిని గారు పొట్లం విప్పి, ఒక పలుకు నోట్లో వేసుకున్నారు.

"ఆ ఉప్పుమళ్ళ వాణ్ణి ఎక్కడికీ పంపకు నాయనా," అన్నారు. "నాకు వాడితో పనుంది."